అంగారకుడి మీద బరువు తక్కువ కదా, మరి అక్కడ ఎగరడం ఎందుకు కష్టం?

ప్రశ్న అడిగింది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి. క్లుప్తంగా ఇదీ: "అంగారకుడి మీద గురుత్వాకర్షణ మన దగ్గరున్న దాంట్లో 38 శాతమే. అంటే మన డ్రోన్ అక్కడ ఇంకా తేలిగ్గా లేవాలి కదా? వేరే గ్రహాల మీద ఎగరగలమో లేదో డైమెన్షనల్ అనాలిసిస్‌తో చెప్పొచ్చని మా సర్ అన్నారు. ఇంటర్‌లో యూనిట్లు సరిచూసుకోడానికి వాడిన పద్ధతి అది. దాంతో ఇంత పెద్ద విషయం ఎలా తెలుస్తుంది? సెమినార్‌లో చెప్పాలి."

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. తేలిగ్గా లేవదు. అదే డ్రోన్‌ని అంగారకుడి మీద గాల్లో నిలబెట్టాలంటే రెక్కలు ఇక్కడికంటే అయిదు రెట్లు వేగంగా తిరగాలి, పవర్ దాదాపు రెట్టింపు కావాలి. శని ఉపగ్రహం టైటాన్ మీదైతే ఇక్కడి పవర్‌లో నలభయ్యో వంతు సరిపోతుంది. ఈ రెండు సంగతులూ మితి విశ్లేషణతోనే (మీ సర్ చెప్పిన డైమెన్షనల్ అనాలిసిస్), ఒక్క కాగితం మీద, ఏరోడైనమిక్స్ పుస్తకం తెరవకుండా రాబట్టొచ్చు. నేను ఇరవై రెండేళ్లుగా ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతున్నాను, పిల్లలతో ఏరోమోడలింగ్ క్లబ్ నడుపుతున్నాను. ఈ పద్ధతిని యూనిట్లు సరిచూసే పనికి మాత్రమే వాడి వదిలేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

లెక్క చేద్దాం

హెలికాప్టర్ గాల్లో ఒకేచోట నిలబడి ఉందనుకోండి. దానికి కావలసిన పవర్ వేటి మీద ఆధారపడుతుంది? మోయాల్సిన బరువు మీద, గాలి సాంద్రత మీద, రెక్కలు గీసే చక్రం వ్యాసం మీద. ప్రస్తుతానికి ఈ మూడే. ఒక్కోదానికి ఎంత ఘాతం వస్తుందో మనకి తెలీదు, మితులే చెప్పాలి.

పవర్ మితులు: ద్రవ్యరాశి 1, పొడవు 2, కాలం −3. బరువు ఒక బలం కాబట్టి ద్రవ్యరాశి 1, పొడవు 1, కాలం −2. సాంద్రతకి ద్రవ్యరాశి 1, పొడవు −3. వ్యాసానికి పొడవు 1 మాత్రమే.

ఇప్పుడు కాలాన్ని చూడండి. కుడివైపు మూడింట్లో కాలం ఉన్నది ఒక్క బరువులోనే. పవర్‌లో −3 రావాలి, బరువు ఇచ్చేది −2. అంటే బరువు ఘాతం 3/2 తప్ప ఇంకోటి కావడానికి వీల్లేదు. తర్వాత ద్రవ్యరాశి: బరువు నుంచి 3/2 వచ్చేసింది, కావలసింది 1, కాబట్టి సాంద్రత ఘాతం −1/2. చివరికి పొడవు: బరువు నుంచి 3/2, సాంద్రత నుంచి 3/2, మొత్తం 3 అయింది. కావలసింది 2. వ్యాసం ఘాతం −1.

పవర్ = స్థిరాంకం × బరువు^(3/2) ÷ (√సాంద్రత × వ్యాసం).

ఇది బోర్డు మీద చేసి చూపించిన ప్రతి ఏడాదీ క్లాసులో ఒకరిద్దరు లేచి "సర్, ఇందులో గాలి ఎలా కదులుతుందో మనం ఎక్కడా చెప్పలేదు కదా" అంటారు. నిజమే, చెప్పలేదు. స్థిరాంకం ఎంతో కూడా చెప్పలేదు. కానీ ఒకే యంత్రాన్ని రెండు గ్రహాల మీద పోల్చేటప్పుడు ఆ స్థిరాంకం పైనా కిందా ఒకటే కాబట్టి కొట్టేసుకుపోతుంది. మితి విశ్లేషణ ఇచ్చేది నిష్పత్తి. గ్రహాల మధ్య పోలికకి మనకి కావలసింది కూడా నిష్పత్తే.

వేగానికీ ఇలాగే చేయండి. రెక్కలు సెకనుకి ఎన్ని చుట్లు తిరగాలంటే, √(బరువు ÷ సాంద్రత) లెక్కన పెరుగుతుంది, వ్యాసం వర్గం లెక్కన తగ్గుతుంది. విమానం రెక్కకి కూడా వేగం √(బరువు ÷ (సాంద్రత × రెక్క వైశాల్యం)) లెక్కే.

అంకెలు వేస్తే

ఒకే యంత్రం కాబట్టి ద్రవ్యరాశి, వ్యాసం మారవు. గురుత్వం, సాంద్రత మాత్రమే మారతాయి.

భూమి: గురుత్వ త్వరణం 9.81, సముద్రమట్టం దగ్గర గాలి ఘనపు మీటరుకి 1.225 కిలోలు.
అంగారకుడు: 3.71, జెజెరో క్రేటర్ దగ్గర సుమారు 0.017 కిలోలు.
టైటాన్: 1.35, సుమారు 5.4 కిలోలు.
శుక్రుడి నేల మీద: 8.87, సుమారు 65 కిలోలు.

మీ ప్రశ్నకి జవాబు ఈ అంకెల్లోనే ఉంది. అంగారకుడి మీద బరువు 2.6 రెట్లే తగ్గింది. గాలి 72 రెట్లు పలచబడింది. తిరిగే వేగం లెక్కలో రెండూ వర్గమూలం కిందే ఉన్నాయి కాబట్టి √(72 ÷ 2.6), అంటే సుమారు 5.2 రెట్లు. పవర్‌లో బరువుకి 3/2 ఘాతం ఉంది కాబట్టి తగ్గిన బరువు కొంత ఆదుకుంటుంది. లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. అయినా దాదాపు రెండు రెట్లు తేలుతుంది.

అంత పలచని గాలి భూమ్మీద కావాలంటే సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లాలి. హెలికాప్టర్ల ఎత్తు రికార్డుల్లో ప్రసిద్ధమైనది 1972లో ఫ్రెంచ్ పైలట్ జాన్ బూలే లామా హెలికాప్టర్‌తో చేరిన 12,442 మీటర్లు. ఆ లామానే మన దేశంలో హెచ్‌ఏఎల్ చీతా పేరుతో తయారుచేసింది, సియాచిన్‌కి సామాను మోసింది అదే. అలాంటి యంత్రం కూడా ఆ ఎత్తులో సగానికి చేరలేదు.

ఇన్‌జెన్యూటీతో సరిచూద్దాం

కాగితం మీద లెక్కని నమ్మాలంటే నిజంగా ఎగిరినదాంతో పోల్చాలి. నాసా చిన్న హెలికాప్టర్ ఇన్‌జెన్యూటీ అంగారకుడి మీద 2021 ఏప్రిల్ 19న మొదటిసారి లేచింది. మూడు మీటర్ల ఎత్తు, 39 సెకన్లు. బరువు తూచితే 1.8 కిలోలు, రెక్కల చక్రం వ్యాసం 1.21 మీటర్లు, ఒకదాని కింద ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు రోటర్లు. మొదట్లో నిమిషానికి 2,537 చుట్లు తిప్పారు. దాన్ని 5.2తో భాగించండి. ఆదర్శ లెక్కలో అదే యంత్రం భూమ్మీద 500 చుట్ల లోపే లేవగలదని వస్తుంది.

దాని చీఫ్ ఇంజనీర్ బాబ్ బలరామ్ చదువుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో, తర్వాత ఐఐటీ మద్రాసులో. మా పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడల్లా లెక్క మీద శ్రద్ధ కాస్త పెరగడం చూశాను. మీ సెమినార్‌లోనూ చెప్పండి.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంఘటన ఒకటుంది. అంగారకుడి గాలి ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్. చలికాలంలో ధ్రువం దగ్గర అందులో కొంత భాగం గడ్డకట్టి నేల మీదికి దిగిపోతుంది, దాంతో గ్రహం మొత్తం మీద గాలి పలచబడుతుంది. 2021 సెప్టెంబర్ వచ్చేసరికి ఇన్‌జెన్యూటీ బృందానికి ఇదే సమస్య ఎదురైంది. వాళ్లు వేగాన్ని 2,537 నుంచి 2,700 చుట్లకి పెంచి పరీక్షించారు. మన సూత్రం ప్రకారం చుట్లు 6 శాతం పెరిగితే లిఫ్ట్ (పైకి లేపే బలం) దాని వర్గం, అంటే సుమారు 13 శాతం పెరగాలి. పోయిన సాంద్రతని అలా పూడ్చుకున్నారన్నమాట. అయిదు సార్లు ఎగిరితే చాలనుకున్నది 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది.

అసలు పవర్ సంగతి కూడా చూద్దాం. ఆదర్శ హెలికాప్టర్‌కి మొమెంటం సిద్ధాంతం ఇచ్చే స్థిరాంకం పెట్టి లెక్కేస్తే ఇన్‌జెన్యూటీకి 87 వాట్లు వస్తుంది. నిజంగా ఎగిరేటప్పుడు అది వాడింది 350 వాట్ల ప్రాంతంలో. కొంత మోటార్లకీ కంప్యూటర్లకీ పోయింది. మిగిలిన తేడా ఎక్కడిదో కిందకి వస్తే తెలుస్తుంది.

నిష్పత్తి ఎక్కడ మోసం చేస్తుంది

స్థిరాంకం కొట్టేసుకుపోతుంది అన్నాను. అది ఒక షరతు మీద మాత్రమే నిజం. మనం గాలి స్నిగ్ధతనీ (జిగురుతనాన్నీ), గాలిలో ధ్వని వేగాన్నీ జాబితాలో పెట్టలేదు. పెడితే ఘాతాలు తేల్చడానికి సమీకరణాలు చాలవు. మిగిలిపోయినవి రెండు మితిరహిత సంఖ్యలుగా బయటపడతాయి: రెనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వానికీ స్నిగ్ధతకీ ఉన్న నిష్పత్తి), మాక్ సంఖ్య (వేగాన్ని ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేది). 1914లో బకింగ్‌హామ్ అనే భౌతిక శాస్త్రవేత్త π (పై) సిద్ధాంతంగా రాసింది దీన్నే. ఎన్ని రాశులు ఉన్నాయో అందులోంచి మూల మితుల సంఖ్య తీసేస్తే అన్ని మితిరహిత సంఖ్యలు మిగులుతాయి. మన "స్థిరాంకం" నిజానికి స్థిరాంకం కాదు, ఆ రెండు సంఖ్యల మీద ఆధారపడే ప్రమేయం.

ముందు మాక్ సంగతి. పెర్సీవరెన్స్ రోవర్ మైక్రోఫోన్ అంగారకుడి మీద ధ్వని వేగం సుమారు సెకనుకి 240 మీటర్లని కొలిచింది, మన దగ్గరది 340. ఇన్‌జెన్యూటీ రెక్క కొన 2,537 చుట్ల దగ్గర సెకనుకి 161 మీటర్ల వేగంతో పోతోంది. మాక్ 0.67. అదే రెక్కలతో రెట్టింపు బరువు లేపుదామంటే చుట్లు √2 రెట్లు పెంచాలి, కొన వేగం 227 అవుతుంది. అంటే ధ్వని వేగం అంచుకి వచ్చేశాం. అక్కడ షాక్ తరంగాలు పుట్టి డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఒక్కసారిగా ఎగబాకుతుంది, మన నిష్పత్తి ఇక పనికిరాదు. వేగం పెంచలేం కాబట్టి వ్యాసం పెంచాలి. కొన వేగం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే నాలుగు రెట్ల బరువు లేస్తుంది, అంటే 7.2 కిలోలు. కానీ అదే రూపాన్ని అన్ని వైపులా రెట్టింపు చేస్తే యంత్రం బరువు ఎనిమిది రెట్లవుతుంది, 14.4 కిలోలు. పెద్ద మార్స్ హెలికాప్టర్ డిజైన్ చేసేవాళ్ల తలనొప్పి ఇదే.

ఇదే తప్పు మా క్లబ్‌లో కళ్లారా చూశాను. ఒక బ్యాచ్ పిల్లలు బాల్సా చెక్కతో 60 సెంటీమీటర్ల గ్లైడర్ చేశారు, 150 గ్రాములు. చేత్తో విసిరితే చక్కగా గ్రౌండ్ దాటేది. ఉత్సాహం వచ్చి అన్ని కొలతలూ రెట్టింపు చేసి 120 సెంటీమీటర్లది చేశారు. తూకం 1.2 కిలోలు. ఎవరు విసిరినా పది అడుగుల్లో ముక్కు నేలకి కొట్టుకునేది. బ్యాలెన్స్ సరిగా లేదని సాయంత్రం దాకా ముక్కులో బంకమట్టి అద్దుతూ తీస్తూ కూర్చున్నారు. లోపం బ్యాలెన్స్‌లో లేదు. బరువు 8 రెట్లు, వైశాల్యం 4 రెట్లు, వేగం √2 రెట్లు కావాలి. మొదటిదానికి సెకనుకి 7 మీటర్లు సరిపోయేది, దీనికి 10 కావాలి, అంత పెద్దదాన్ని చేత్తో ఆ వేగంతో వదలడం ఎవరివల్లా కాలేదు. మర్నాడు రబ్బరు తాడుతో లాగి వదిలితే ఎగిరింది.

ఇక రెనాల్డ్స్ సంఖ్య. అంగారకుడి మీద అదే రెక్క అయిదు రెట్ల వేగంతో తిరిగినా, గాలి అంత పలచగా ఉండటం వల్ల దాని రెనాల్డ్స్ సంఖ్య భూమ్మీద ఉన్నదాంట్లో ఎనిమిదో వంతుకి పడిపోతుంది, పదివేల స్థాయిలో ఉంటుంది. అక్కడ గాలి రెక్కని అంటిపెట్టుకుని ప్రవహించకుండా తొందరగా విడిపోతుంది. లిఫ్ట్‌కి చెల్లించే డ్రాగ్ ఎక్కువవుతుంది. 87కీ 350కీ మధ్య తేడాలో దీని వాటా కూడా ఉంది. అందుకే ఎగరకముందే కాలిఫోర్నియాలో నాసా ప్రయోగశాల జేపీఎల్ వాళ్ల పెద్ద వాక్యూమ్ ఛాంబర్‌లో గాలి తీసేసి, పలచగా కార్బన్ డయాక్సైడ్ నింపి పరీక్షించారు. సాంద్రత మార్చగలిగారు కానీ భూమి గురుత్వాన్ని మార్చలేరు కదా, అందుకని పైనుంచి ఒక తీగతో 62 శాతం బరువుని లాగి పట్టుకున్నారు. మితిరహిత సంఖ్యలు కలిశాయా లేదా అని చూసుకోవడమే ఆ పరీక్ష సారం.

టైటాన్, శుక్రుడు, ఇంకా కొన్ని

టైటాన్ దగ్గరికి వస్తే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. బరువు ఏడో వంతు, గాలి నాలుగు రెట్లకి పైగా చిక్కన. కావలసిన వేగం ఇక్కడికంటే 5.7 రెట్లు తక్కువ, పవర్ 41 రెట్లు తక్కువ. వేగం తగ్గినా రెనాల్డ్స్ సంఖ్య భూమ్మీద కంటే రెట్టింపు దాకా ఉంటుంది. అక్కడ −179 డిగ్రీల చలి, ఆ చలిలో గాలి స్నిగ్ధత బాగా తక్కువ. అంటే ఇక్కడి స్థిరాంకాలని ధైర్యంగా వాడుకోవచ్చు.

మనిషి రెక్కలు కట్టుకుంటే? సూటుతో కలిపి 100 కిలోలు, 3 చదరపు మీటర్ల రెక్కలు, లిఫ్ట్ గుణకం 1, లిఫ్ట్‌లో ఎనిమిదో వంతు డ్రాగ్ అనుకుందాం. టైటాన్ మీద కావలసిన వేగం సెకనుకి 4 మీటర్లు, పవర్ 70 వాట్లు. సైకిల్ మామూలుగా తొక్కే మనిషి ఇవ్వగలిగేదే. భూమ్మీద అదే మనిషికి అదే రెక్కలతో 2,800 వాట్లు కావాలి. అందుకే 1988లో క్రీట్ నుంచి శాంటొరీనికి పెడల్ తొక్కుతూ ఎగిరిన డేడలస్ విమానానికి 34 మీటర్ల రెక్కలు పెట్టాల్సి వచ్చింది.

నాసా డ్రాగన్‌ఫ్లై ఎనిమిది రోటర్లతో టైటాన్‌కి బయలుదేరేది ఈ లెక్క బలం మీదే. ప్రస్తుత ప్రణాళిక ప్రకారం 2028లో ప్రయోగం, 2034లో చేరిక. అణు బ్యాటరీ ఇచ్చే కరెంటు కొద్దిగానే ఉంటుంది. దాన్ని బ్యాటరీలో పోగుచేసుకుని ఎగరడం అక్కడే సాధ్యం.

శుక్రుడి నేల మీద కూడా ఎగరడానికి పవర్ ఎనిమిదో వంతే చాలు. కానీ అక్కడ 460 డిగ్రీల వేడి, మామూలు ఎలక్ట్రానిక్స్ ఎక్కువసేపు బతకవు. అందుకే శుక్రుడి మీద ఎగిరినవి బెలూన్లు, 1985 జూన్‌లో సోవియట్ వేగా నౌకలు వదిలినవి. ఇక్కడ మితి విశ్లేషణలో ఇంకో అందం చూడండి. బెలూన్ తేలడానికి ద్రవ్యరాశి, గాలి సాంద్రత, ఘనపరిమాణం కలిస్తే ఒక్క మితిరహిత సంఖ్య వస్తుంది: ద్రవ్యరాశి ÷ (సాంద్రత × ఘనపరిమాణం). గురుత్వ త్వరణాన్ని జాబితాలో పెట్టినా అది ఇమిడే చోటు ఉండదు, ఎందుకంటే కాలం మితి దానిలో తప్ప ఇంకెందులోనూ లేదు, దాన్ని రద్దు చేసేది ఏదీ లేదు. ఏ గ్రహం మీదైనా బెలూన్ తేలడానికి గురుత్వంతో సంబంధం లేదు. వేగా బెలూన్ల వ్యాసం మూడున్నర మీటర్లు, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. అవి తేలిన 54 కిలోమీటర్ల ఎత్తులో గాలి మన నేల మీది గాలికి కాస్త తక్కువ. గుణిస్తే ఇరవై కిలోల పైచిలుకు వస్తుంది, మొత్తం బెలూన్ ద్రవ్యరాశి అంతే.

గురుడి మీద గాలంతా దాదాపు హైడ్రోజనే కాబట్టి హీలియం బెలూన్ మునిగిపోతుంది, హైడ్రోజన్‌నే వేడిచేసి నింపాలి. చంద్రుడి మీద సాంద్రత సున్నా, మన సూత్రంలో పవర్ అనంతం. 2023 సెప్టెంబర్‌లో విక్రమ్ ల్యాండర్ 40 సెంటీమీటర్లు లేచి దిగింది కానీ అది రాకెట్ ఇంజన్లతో, అక్కడ జాబితాలో ఉండాల్సిన రాశులే వేరు.

జాబితా మీ బాధ్యత

ఏ రాశులు ఉండాలో మితి విశ్లేషణ చెప్పదు. ముఖ్యమైనది వదిలేసినా మితులు చక్కగా కుదిరిపోవచ్చు, జవాబు తప్పుగా వస్తుంది. బెలూన్ లెక్కలోలా అనవసరమైనది తనంతట తాను బయటికి పోవచ్చు కానీ, వదిలేసినది తనంతట తాను లోపలికి రాదు. అందుకే ప్రయోగం తప్పనిసరి.

సెమినార్‌లో నోటి మాటగా చెప్పకుండా చేసి చూపించండి. అయిదు అంగుళాల ప్రొపెల్లర్, చిన్న మోటార్, వంటింట్లో వాడే గ్రాముల తూకం, చుట్లు కొలిచే లేజర్ ట్యాకోమీటర్ చాలు. మోటార్‌ని ఒక బరువైన చెక్క దిమ్మకి బిగించి, గాలి పైకి కొట్టేలా అమర్చి తూకం మీద పెట్టి సున్నా చేయండి. తిరిగేటప్పుడు తూకం చూపించే అదనపు గ్రాములే థ్రస్ట్. నిమిషానికి 5,000 చుట్ల దగ్గర 25 గ్రాములు వస్తే 10,000 దగ్గర 100 రావాలి. చుట్ల వర్గానికీ గ్రాములకీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి. థ్రస్ట్‌ని న్యూటన్లలోకి మార్చి, సాంద్రత × (సెకనుకి చుట్లు)² × వ్యాసం⁴ తో భాగించండి. ఈ ఉదాహరణలో 0.11 వస్తుంది, మీ ప్రొపెల్లర్‌కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మితి విశ్లేషణ మనకి ఇవ్వని స్థిరాంకం అదే. చుట్టూ ఇనుప జాలీ పెట్టండి, ప్రొపెల్లర్ తిరిగే తలంలో ఎవరి ముఖమూ ఉండకూడదు.

వీలైతే జనవరి పొద్దున ఒకసారి, మే మధ్యాహ్నం ఒకసారి డ్రోన్‌ని హోవర్ చేసి లాగ్‌లో ఆర్‌పీఎం రాసుకోండి. 15 డిగ్రీలకీ 43 డిగ్రీలకీ మధ్య గాలి 9 శాతం పలచబడుతుంది, చుట్లు 5 శాతం పెరగాలి. మా క్లబ్ డ్రోన్‌లో ఏటా ఇది కనిపిస్తుంది. బ్యాటరీ ఎంతసేపు వచ్చిందన్నది మాత్రం కొలతగా తీసుకోకండి. చలికి బ్యాటరీ కూడా మందగిస్తుంది కాబట్టి రెండు ప్రభావాలూ కలిసిపోతాయి. ఆ రోజు ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం పక్కనే రాసుకుంటే సాంద్రత మీరే లెక్క కట్టుకోవచ్చు. గ్రాఫ్ వంకరగా వస్తే అంకెలు ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.